‘తప్పా?’ అని అడిగి ‘ఆపాలి’ అని రాసుకునే క్విజ్

ముందే చెప్పేస్తున్నాను, ఐదు నక్షత్రాలకు రెండే ఇస్తున్నాను. ఆ రెండూ ఎందుకిచ్చానో, మిగతా మూడూ ఎందుకు ఇవ్వలేదో చెప్పడానికి కాస్త ఎక్కువే రాయాల్సి వచ్చింది.

ఇది ఫోన్‌లో ఉచితంగా దొరికే రాజకీయ వైఖరి క్విజ్. అరవైకి పైగా వాక్యాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ప్రతి వాక్యం కింద ‘పూర్తిగా ఒప్పుకుంటాను’ నుంచి ‘అస్సలు ఒప్పుకోను’ దాకా నాలుగు ఆప్షన్లు ఉంటాయి. అన్నీ నొక్కేశాక ఒక గ్రాఫ్ మీద ఎర్ర చుక్క పెట్టి, మీ స్థానం ఇదీ అని చూపిస్తుంది. అడ్డగీత డబ్బు వ్యవహారాలది: ఎడమ చివర ‘ప్రభుత్వమే చూసుకోవాలి’, కుడి చివర ‘ఎవరిది వాళ్లే చూసుకోవాలి’. నిలువుగీతకి కింద ‘స్వేచ్ఛ’, పైన ‘నియంత్రణ’. పేరు రాయడం లేదు. ఇలాంటి క్విజ్‌లు చాలా ఉన్నాయి, నేను చెప్పబోయే లోపం వాటిలో చాలావాటికి ఉంది.

మంచి విషయాలు ముందు. లాగిన్ అడగదు, ఫోన్ నంబర్ అడగదు. తెలుగు శుభ్రంగా ఉంది, ఒక్క వాక్యాన్నీ రెండోసారి చదవాల్సిన పని పడలేదు. అన్నిటికంటే నాకు నచ్చింది ‘వివరాలు’ అనే ట్యాబ్. ఏ సమాధానం వల్ల చుక్క ఎటు జరిగిందో, దాన్నిబట్టి క్విజ్ మన గురించి ఏమనుకుందో అందులో కనిపిస్తుంది. చాలా క్విజ్‌లు ఈ లెక్క దాచేస్తాయి. ఇది దాచలేదు. ఆ ట్యాబ్ లేకపోతే ఈ రివ్యూ రాయగలిగేదాన్నే కాదు.

నేను సర్వేల ప్రశ్నావళులు తయారుచేసే పనిలో ఉన్నాను. ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలడిగే పిల్లలకు ట్రైనింగ్ కూడా ఇస్తాను. ఈ పనిలో మొదట నేర్పేది, ఒక ప్రశ్నలో ఒక్క సంగతే అడగాలని. రెండు సంగతులు కలిపి అడిగితే వచ్చిన ‘అవును’ దేనికో ఎవరికీ తెలియదు. ఈ క్విజ్ చేసింది దానికంటే పెద్ద పొరపాటు. ఒక సంగతి అడిగి, ఇంకో సంగతికి జవాబు రాసుకుంది.

‘మద్యం తాగడం నైతికంగా తప్పు’ అన్న వాక్యం వచ్చింది. ‘పూర్తిగా ఒప్పుకుంటాను’ నొక్కాను, క్షణం ఆలోచించలేదు. తాగుడు మా పెద్దన్నయ్యని తీసుకెళ్లిపోయింది. వదిన పడిన కష్టం దగ్గరుండి చూశాను. తాగడం సరదా అనో, ఎవరిష్టం వాళ్లదనో నాతో ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, ముఖం మీదే చెబుతాను. సరే, క్విజ్ అయిపోయాక చూస్తే నా చుక్క ‘నియంత్రణ’ వైపు బాగా పైకి ఉంది. వివరాల ట్యాబ్‌లో ఆ వాక్యం ఎదురుగా ఇలా ఉంది: ‘ప్రజల నడవడికను ప్రభుత్వం సరిదిద్దాలని మీరు కోరుకుంటున్నారు.’

ఆ మాట నేను అనలేదు. నన్ను ఎవరూ అడగలేదు కూడా. మద్య నిషేధాన్ని నేను సమర్థించను. ఆ అరవై వాక్యాలూ మళ్లీ వెతికాను, మద్యం అమ్మకాలను ప్రభుత్వం ఆపాలా వద్దా అన్న వాక్యం ఎక్కడా లేదు. మిగతావన్నీ అలాగే ఉంచి ఆ ఒక్క సమాధానమే మార్చి చూశాను. చుక్క కిందికి దిగింది. అంటే మా అన్నయ్యని గుర్తు చేసుకుని నొక్కిన జవాబుని, పోలీసులకి అధికారం ఇమ్మన్న జవాబుగా రాసుకుంది.

అప్పుడు దీన్ని వేరేలా పరీక్షిద్దామనిపించింది. ఏ విషయం మీద ఏమనుకున్నారో చరిత్రలో స్పష్టంగా నమోదైన మనుషుల్ని తీసుకుని, వాళ్ల చేతికి ఫోన్ ఇస్తే ఏం నొక్కుతారో అవి నొక్కుతూ పోయాను. మొదట జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్, అమెరికా చమురు కుబేరుడి కొడుకు. ఆయన జీవితంలో మద్యం ముట్టలేదు, ఆయన తండ్రీ ముట్టలేదు. అమెరికాలో మద్య నిషేధం కోసం పోరాడిన యాంటీ సెలూన్ లీగ్‌కి (సెలూన్ అంటే అక్కడ మద్యం అమ్మే బార్) ఆ కుటుంబం విరాళాలిచ్చింది. 1919లో అక్కడి రాజ్యాంగానికి 18వ సవరణ ఆమోదం పొందింది. 1920 జనవరి నుంచి మద్యం తయారీ, అమ్మకం, రవాణా దేశమంతటా నేరమయ్యాయి. 1932 జూన్‌లో ఇదే రాక్‌ఫెల్లర్ బహిరంగంగా ఒక లేఖ రాసి ఆ సవరణను రద్దు చేయాలన్నారు. తాగుడు తగ్గకపోగా పెరిగిందని, సెలూన్లు పోయి వాటి స్థానంలో దొంగచాటు బార్లు వచ్చాయని, చట్టాన్ని ఉల్లంఘించేవాళ్లు పెద్ద సైన్యంలా తయారయ్యారని, చట్టమంటే జనానికి గౌరవం తగ్గిపోయిందని అందులో రాశారు. మరుసటి ఏడాది డిసెంబర్‌లో 21వ సవరణతో నిషేధం పోయింది.

ఆ లేఖకు ముందూ తర్వాతా తాగుడు గురించి ఆయన నమ్మకం ఒక్కటే. మారిందల్లా ప్రభుత్వం చేతికి ఏ పని అప్పగించాలన్న నిర్ణయం. ఈ క్విజ్‌లో మాత్రం 1919 నాటి రాక్‌ఫెల్లర్‌కీ 1932 నాటి రాక్‌ఫెల్లర్‌కీ చుక్క ఒకే చోట పడుతుంది. ఒకాయన నిషేధానికి అండగా నిలబడ్డాడు, ఇంకొకాయన దాన్ని ఎత్తేయమన్నాడు. రాజకీయ వైఖరి కొలుస్తానన్న క్విజ్‌కి ఈ తేడా కనిపించకపోతే ఇక అది కొలిచేది ఏమిటి?

ట్రైనింగ్‌లో ఈ క్విజ్ చూపించినప్పుడు ఒకమ్మాయి లేచి గట్టిగానే అడిగింది. “తప్పని మీరే అంటున్నారు కదక్కా, మరి ప్రభుత్వం ఆపితే మంచిదేగా? వద్దంటున్నారంటే అది మీకు అంత పెద్ద తప్పుగా అనిపించడం లేదనేగా?”

మంచి ప్రశ్న. చాలామంది మనసులో ఉండే ప్రశ్నే. “కాదమ్మా,” అన్నాను. “తప్పా కాదా అన్నది ఆ పని గురించి. ప్రభుత్వం ఆపాలా అన్నది పోలీసు గురించి, కోర్టు గురించి, జైలు గురించి. మొదటిదానికి జవాబు తెలిసినంత మాత్రాన రెండోదానికి తెలిసినట్టు కాదు.”

ప్రభుత్వం ఆపాలి అని నేను అన్నప్పుడు, యూనిఫాం వేసుకున్న మనిషి ఒకరి ఇంట్లోకి వెళ్లి సోదా చేయడానికి, సంచి విప్పించడానికి, చివరికి లోపల వేయడానికి కూడా నేను సరే అన్నట్టే. అప్పుడు నేను వేసుకోవాల్సిన ప్రశ్నలు వేరు. దీనివల్ల ఆ పని నిజంగా తగ్గుతుందా, లేక చాటుకి వెళుతుందా? చాటుకి వెళితే దానిమీద సంపాదించేది ఎవరు? పట్టుబడేది ఎవరు, డబ్బిచ్చి బయటపడేది ఎవరు? సొంత భర్త మీద భార్య ఫిర్యాదు చేయగలదా, చేస్తే ఆ ఇల్లు ఏమవుతుంది? ఇవాళ నేను తప్పనుకునేదాన్ని ఆపడానికి ఇచ్చిన అధికారం, రేపు నేను మంచిదనుకునేదాన్ని తప్పనుకునేవాళ్ల చేతికి వెళితే? తాగుడు ఎంత చెడ్డదో ఎంతసేపు చెప్పినా ఈ ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు రాదు.

ఈ ప్రశ్నలు వేసుకుంటే ఎప్పుడూ ‘ప్రభుత్వం వద్దు’ అనే తేలుతుందని అనుకోవద్దు. తాగి బండి నడిపేవాళ్ల విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. ఆపి పరీక్ష చేయాలి, జరిమానా వేయాలి, లైసెన్స్ రద్దు చేయాలి, మనిషి ప్రాణం పోతే జైలుకి పంపాలి. తాగుడు గురించి నా నమ్మకం రెండు చోట్లా ఒకటే, ప్రభుత్వం గురించి నా జవాబులు మాత్రం వేరు. ఎందుకంటే రోడ్డు మీద ఎదురుగా వచ్చేవాడికి ఆ మద్యంతో ఏ సంబంధమూ లేదు. పైగా రోడ్డు మీద తనిఖీ చేయడానికి ఎవరి ఇంట్లోకీ దూరనక్కర్లేదు.

ప్రభుత్వ చర్య అనగానే నిషేధం ఒక్కటే కాదు కూడా. పన్ను వేయొచ్చు, సీసా మీద హెచ్చరిక రాయించొచ్చు, అమ్మే వేళలు తగ్గించొచ్చు, చిన్నపిల్లలకు అమ్మకుండా చూడొచ్చు, మానాలనుకునేవాళ్లకు ఉచితంగా వైద్యం ఇప్పించొచ్చు. ఇవన్నీ నేను సమర్థిస్తాను. క్విజ్‌లో వీటిలో ఏ ఒక్కటీ లేదు.

సర్వేలు చేసేవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. డొనాల్డ్ రగ్ 1941లో ప్రచురించిన ప్రయోగాన్ని మా పనిలో ఇప్పటికీ చెప్పుకుంటాం. ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా బహిరంగ ప్రసంగాలు చేయడానికి అమెరికా అనుమతించాలా అని కొంతమందిని అడిగారు. 62 శాతం అనుమతించకూడదన్నారు. అలాంటి ప్రసంగాలను నిషేధించాలా అని ఇంకొంతమందిని అడిగితే, అవునన్నవాళ్లు 46 శాతమే. కాగితం మీద చూస్తే అనుమతించకపోవడమూ నిషేధించడమూ ఒకటే. దీనికి రకరకాల వివరణలు ఇచ్చారు. నాకు మాత్రం ఇందులో మామూలు జనం జాగ్రత్త కనిపిస్తుంది. ఒక పనికి తల ఊపకపోవడం వేరు, ప్రభుత్వాన్ని పిలిచి దానిమీద చెయ్యి వేయించడం వేరు.

అమెరికాలోని సర్వే సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ 2013లో 40 దేశాల్లో నైతికత గురించి సర్వే చేసింది. జూదం, మద్యం, విడాకులు లాంటి వాటి గురించి ‘నైతికంగా ఆమోదయోగ్యమా, కాదా, అసలు ఇది నైతిక సమస్యే కాదా’ అని అడిగింది. ఆ మూడో ఆప్షన్ ఎంత అవసరమో ఫీల్డ్‌కి వెళ్లినవాళ్లకి తెలుస్తుంది. అదే సంస్థ 2022లో అమెరికాలో గర్భస్రావం మీద చేసిన సర్వేలో నైతికతనీ చట్టాన్నీ వేర్వేరుగా అడిగింది. నైతికంగా తప్పే అయినా చట్టం అనుమతించాల్సిన సందర్భాలు ఉన్నాయని దాదాపు సగం మంది చెప్పారు. ఈ క్విజ్‌లో ఆ సగం మంది జవాబు నొక్కడానికి చోటు లేదు.

‘పెళ్లయ్యాక మరొకరితో సంబంధం పెట్టుకోవడం క్షమించరానిది’ అన్నది ఇంకో వాక్యం. ఇదీ ‘నియంత్రణ’ లెక్కలోకే వెళ్లింది. దక్షిణ కొరియాలో 1953 నుంచి దీనికి రెండేళ్ల దాకా జైలుశిక్ష ఉండేది. 2015 ఫిబ్రవరిలో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని కొట్టేసింది. మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్‌లో ఇలాంటి సంబంధాన్ని నేరం చేసిన 497వ సెక్షన్‌ని కొట్టేసింది. ఈ తీర్పులకు అర్థం అలాంటి సంబంధం మంచిదని కాదు. విడాకులకు అది కారణంగా ఇప్పటికీ పనికొస్తుంది. జైలు ఒక్కటే పోయింది. నన్నడిగితే నమ్మకద్రోహం కంటే పెద్ద గాయం ఇంకోటి లేదు, అయినా దానికి పోలీస్ స్టేషన్‌లో కేసు రాయించాలని నేను అనను. స్నేహితుడి దగ్గర అబద్ధమాడటం, చేసిన మేలు మరచిపోవడం, ముసలి తల్లితో రోజుల తరబడి మాట్లాడకపోవడం, ఇవన్నీ తప్పులే. వీటిలో దేనికీ శిక్షాస్మృతిలో సెక్షన్ ఉండాలని ఎవరూ కోరుకోరు.

స్వలింగ సంబంధాలు తప్పన్న వాక్యానికి నేను ‘అస్సలు ఒప్పుకోను’ నొక్కాను, అందులో తప్పు ఉందని నేను అనుకోను కాబట్టి. కానీ అదే వాక్యాన్ని మైఖేల్ రామ్సీ చేతికిచ్చి చూశాను. 1960లలో ఆయన కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్, అంటే ఇంగ్లండ్ చర్చిలో అందరికంటే పెద్ద మతాధికారి. బ్రిటన్‌లో వోల్ఫెండెన్ కమిటీ 1957లో ఇచ్చిన నివేదికలో, ఇష్టపూర్వకంగా ఏకాంతంలో పెద్దవాళ్ల మధ్య జరిగేది నేరం కాకూడదని సిఫారసు చేసింది. వ్యక్తిగత నైతికతలో చట్టానికి పనిలేని మేర ఒకటి ఉండాలని, ఆ మాట అన్నంత మాత్రాన దాన్ని మెచ్చుకున్నట్టు కాదని కూడా స్పష్టంగా రాసింది. రామ్సీ తన మత బోధన ప్రకారం ఆ సంబంధాలు తప్పనే నమ్మారు. అయినా 1965లో ప్రభువుల సభలో శిక్ష ఎత్తేయడానికి మద్దతుగా మాట్లాడారు. 1967లో ఇంగ్లండ్, వేల్స్‌లో చట్టం మారింది. ఆయన నమ్మకం నాది కాదు. కానీ మనుషుల్ని జైలుకి పంపాలన్నవాళ్లనీ, పంపొద్దని సభలో లేచి నిలబడినాయననీ పక్కపక్కన పెట్టే గ్రాఫ్‌ని నేను నమ్మలేను.

ఇదే లోపం తిరగబడి కూడా వస్తుంది. ‘కారులో సీటు బెల్టు తప్పనిసరి చేయాలి’ అన్నది ఈ క్విజ్‌లో నాకు నచ్చిన వాక్యం, ఏం చేయాలో నేరుగా అడిగింది కాబట్టి. ఒప్పుకుంటాను అన్నాను. వివరాల్లో చూస్తే, బెల్టు పెట్టుకోనివాళ్లను నేను నైతికంగా తక్కువగా చూస్తానని రాసి ఉంది. అదేం లేదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1970లో ప్రపంచంలో మొదటిసారి బెల్టు తప్పనిసరి చేసిందంటే, బెల్టు పెట్టుకోనివాళ్లు పాపాత్ములని కాదు, రోడ్ల మీద మనుషులు చచ్చిపోతున్నారని. అంతకన్నా తేలికైన ఉదాహరణ స్వీడన్. 1967 సెప్టెంబర్ 3న ఆ దేశం ఎడమవైపు నడపడం మానేసి కుడివైపుకి మారింది. ఎడమలో పాపం లేదు, కుడిలో పుణ్యం లేదు. కానీ అందరూ ఒకే వైపు నడవాలంటే ప్రభుత్వం చెప్పాల్సిందే.

అడ్డగీత దగ్గర కూడా ఇంతే. ‘ఉన్నవాళ్లు లేనివాళ్లకు సాయం చేయాలి’ అన్నదానికి ఒప్పుకుంటే చుక్క ఎడమకు, అంటే ప్రభుత్వ సంక్షేమం వైపు జరుగుతుంది. 1887లో టెక్సాస్‌లో కరువొచ్చి రైతుల దగ్గర విత్తనాలు లేకపోతే, వాటికోసం అమెరికా కాంగ్రెస్ 10,000 డాలర్లు మంజూరు చేసింది. అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్ దాన్ని వీటో చేశారు. కష్టంలో ఉన్న తోటివాళ్లను ఆదుకోవడానికి జనం మంచితనాన్ని నమ్ముకోవచ్చు, అది ప్రభుత్వం పని కాదు అన్నది ఆయన వాదన. నేను ఆ వీటోని సమర్థించను. కరువు లాంటివి జనం దాతృత్వానికి వదిలేసేవి కావని నా అభిప్రాయం. కానీ క్లీవ్‌లాండ్ కూడా ఆ వాక్యానికి ‘ఒప్పుకుంటాను’ అనే నొక్కేవాడు కదా! సాయం చేయాలా అన్నదాంట్లో మా ఇద్దరికీ తగాదా లేదు. ఎవరి డబ్బుతో, ఎవరి చేతుల మీదుగా అన్నదాంట్లోనే అసలు తగాదా. క్విజ్ అడగంది కూడా సరిగ్గా అదే.

ఇక్కడిదాకా చదివినవాళ్లు, ఎవరి నమ్మకం వాళ్లది, ప్రభుత్వం దేంట్లోనూ తలదూర్చకూడదు అన్నది నా వాదన అనుకుంటే, కాదు. ‘అది నా వ్యక్తిగత అభిప్రాయం మాత్రమే’ అన్నమాట చాలాసార్లు తప్పించుకునే దారి అవుతుంది. 1858లో ఇల్లినాయిలో సెనేట్ ఎన్నికల చర్చల్లో అబ్రహాం లింకన్ ప్రత్యర్థి స్టీఫెన్ డగ్లస్ బానిసత్వం గురించి ఇలాంటి మాటే అన్నాడు. ఏ ప్రాంతం వాళ్లు ఆ ప్రాంతంలో ఓటేసి తేల్చుకోవాలి, ఎటు తేలినా తనకు పట్టింపు లేదు అని. లింకన్ ఇచ్చిన జవాబు నాకు చాలా ఇష్టం: అందులో తప్పేమీ కనిపించనివాడు ఆ మాట అనొచ్చు, తప్పని ఒప్పుకున్నవాడు పట్టింపు లేదని అనడానికి వీల్లేదు. ఇంకో మనిషి ఒళ్లు, ఇంకో మనిషి బతుకు మధ్యలోకి వచ్చాక అది నా సొంత నమ్మకం దగ్గర ఆగదు. పసిపిల్లలతో చాకిరీ చేయించడం, భార్యను కొట్టడం, వీటిలో ప్రభుత్వం రావాల్సిందే.

కానీ అదే లింకన్ 1864 ఏప్రిల్‌లో ఆల్బర్ట్ హాడ్జెస్‌కి రాసిన ఉత్తరం చూడండి. బానిసత్వం తప్పు కాకపోతే ఇక ఏదీ తప్పు కాదని రాస్తూనే, ఈ నమ్మకాన్ని బట్టి అధికారికంగా ఏం కావాలంటే అది చేసే హక్కు అధ్యక్ష పదవి తనకిచ్చిందని ఎప్పుడూ అనుకోలేదని రాశారు. 1863 జనవరి 1 నాటి విముక్తి ప్రకటన యుద్ధ చర్యగా, తిరుగుబాటు ప్రాంతాలకే ఇచ్చారు. దేశమంతటా బానిసత్వం రద్దయింది 1865లో, 13వ రాజ్యాంగ సవరణతో. తప్పు మీద అంత మంట ఉన్న మనిషి, తన చేతిలోని అధికారం హద్దులు ఏమిటన్న ప్రశ్నని విడిగా వేసుకున్నారు. ‘నైతికంగా తప్పైన ప్రతిదాన్నీ చట్టం ఆపాలి’ అన్న వాక్యం దగ్గర లింకన్ ఏం నొక్కుతారు? ఎంతసేపు ఆలోచించినా ఆ నాలుగు ఆప్షన్లలో ఆయనకు సరిపోయేది నాకు దొరకలేదు.

అన్నిటికంటే ఎక్కువసేపు ఆగిపోయింది ‘సామాజిక దురాచారాలను చట్టం వెంటనే నిషేధించాలి’ అన్న వాక్యం దగ్గర. రామమోహన్ రాయ్ సతీ సహగమనానికి వ్యతిరేకంగా 1818లోనే పుస్తకం రాశారు. ఆ రోజుల్లో దానివల్ల ఎంత విరోధం కట్టుకున్నారో ఊహించుకోవచ్చు. అలాంటి ఆయన్ని గవర్నర్ జనరల్ బెంటింక్ సలహా అడిగితే, బహిరంగంగా చట్టం తేవద్దన్నారు. పోలీసుల ద్వారా, ఆటంకాలు పెంచుతూ, చప్పుడు లేకుండా అణచమన్నారు. అధికారం చేజిక్కాక ఇంగ్లీషువాళ్లు తమ మతాన్ని కూడా బలవంతంగా రుద్దుతారని జనం భయపడతారన్నది ఆయన శంక. ఈ సంగతి బెంటింక్ 1829 నవంబర్ 8న రాసిన మినిట్‌లోనే, అంటే అధికారిక నోట్‌లోనే ఉంది. బెంటింక్ ఆ సలహా తీసుకోలేదు. డిసెంబర్ 4న సతిని నిషేధిస్తూ 17వ రెగ్యులేషన్ వచ్చింది. వచ్చాక రాయ్ దానికి గట్టి అండగా నిలబడ్డారు. దానిమీద ప్రత్యర్థులు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కి అప్పీలు చేస్తే, ఇంగ్లండ్ వెళ్లి ఆ అప్పీలుకి వ్యతిరేకంగా పనిచేశారు. 1832లో ఆ అప్పీలు కొట్టివేశారు.

ఈ ఒక్క విషయంలో బెంటింక్ చేసిందే సరైనదని నేననుకుంటాను. ప్రాణాలు పోతుంటే మెల్లగా అణచడానికి సమయం లేదు. అంతమాత్రాన రాయ్ నమ్మకం బలహీనమైనదని ఎవరూ అనలేరు. ఎవరు చేయాలి, ఎప్పుడు చేయాలి, పరాయి ప్రభుత్వం చేస్తే జనం దాన్ని ఎలా తీసుకుంటారు అన్నవి ఆయన వేసుకున్న ప్రశ్నలు. ఆయన నవంబర్‌లో క్విజ్ చేస్తే ‘ఒప్పుకోను’ నొక్కేవారేమో. అప్పుడు క్విజ్ ఆయన గురించి ‘సంప్రదాయాలను మార్చడం మీకు ఇష్టం లేదు’ అని చెబుతుంది. రామమోహన్ రాయ్‌కి!

నన్ను బాధపెట్టేది చుక్క తప్పు చోట పడటం కాదు. క్విజ్ చేసినవాళ్లు, ముఖ్యంగా చిన్నవాళ్లు, దాన్నుంచి నేర్చుకునేది. తప్పని నమ్మితే నిషేధించమనాలని కొందరు అనుకుంటున్నారు. నిషేధం వద్దనాలంటే అది తప్పే కాదనాలని ఇంకొందరు అనుకుంటున్నారు. ట్రైనింగ్‌లో ఒకబ్బాయి రెండోసారి చేసేటప్పుడు జూదం తప్పు కాదని నొక్కాడు. ఎందుకురా అంటే, “లేకపోతే నన్ను నియంత్రణవాది అంటోంది మేడమ్” అన్నాడు. వాళ్లింట్లో జూదం వల్ల ఏం జరిగిందో ఆ అబ్బాయే అంతకుముందు నాకు చెప్పాడు. గ్రాఫ్‌లో కిందికి దిగడం కోసం తనకు తెలిసిన నిజాన్నే వదులుకున్నాడు.

బాగుచేయడం కష్టమేమీ కాదు. ప్రతి అంశానికీ రెండు అడుగులు పెట్టాలి. మొదట, నా దృష్టిలో ఇది తప్పా, కాదా, నైతిక సమస్యే కాదా. తర్వాత, ప్రభుత్వం ఏం చేయాలి: ఏమీ చేయొద్దు, హెచ్చరించాలి, పన్ను వేయాలి, జరిమానా వేయాలి, జైలుకి పంపాలి. నిలువుగీత లెక్క రెండోదాన్నుంచే తీయాలి. ప్రశ్నలు రెట్టింపు అవుతాయంటే అంశాలు సగానికి తగ్గించుకోవచ్చు, అడిగినవైనా సరిగ్గా అడిగినట్టవుతుంది. ఇదంతా యాప్‌లోని సూచనల పెట్టెలో రాసి పంపాను. ‘పరిశీలిస్తాం’ అని వెంటనే ఒక మెసేజ్ వచ్చింది. తర్వాత వచ్చిన అప్‌డేట్‌లో గ్రాఫ్ రంగులు మారాయి, వాక్యాలు మారలేదు.

అయినా వాడాలనుకుంటే, ఫలితం వచ్చాక ‘షేర్’ నొక్కకండి. షేర్ చేసే కార్డు మీద పెద్ద అక్షరాల్లో బిరుదు ఒక్కటే ఉంటుంది, వివరాలు ఉండవు. మా బంధువుల గ్రూపులో అలాంటి కార్డుల మీద రేగిన గొడవ చల్లారడానికి చాలా రోజులు పట్టింది. సర్వే పని నేర్చుకునేవాళ్లకి మాత్రం, ప్రశ్న ఎలా రాయకూడదో చూపించడానికి బాగా పనికొస్తుంది. నేను అందుకే ఇంకా ఫోన్‌లో ఉంచుకున్నాను. రెండో ప్రశ్న చేర్చిన రోజున ఇంకో రెండు నక్షత్రాలు ఇస్తాను. వివరాల ట్యాబ్ తీసేస్తే మాత్రం ఈ రెండూ వెనక్కి తీసుకుంటాను.